లాటిన్ పేర్లలో మన ఊళ్లు

ధర్మారం, యామన్‌పల్లి, జక్లపల్లి, నంబాల, మాలేరి. ప్రాణహిత, గోదావరి లోయలోని పల్లెలివి. ఆర్టీసీ బస్సు బోర్డు మీద కనిపిస్తే మనం రెండోసారి చూడం. కానీ డైనోసార్ల పుట్టుపూర్వోత్తరాల మీద పనిచేసేవాళ్లకు, వాళ్లు ప్రపంచంలో ఏ మూల ఉన్నా, ఈ పేర్లు తెలుసు. లాంప్లూసారా ధర్మారమెన్సిస్, కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్, జక్లపల్లిసారస్, నంబాలియా, ఆల్వాకేరియా మాలేరియెన్సిస్. అన్నీ ఈ లోయలో బయటపడ్డ డైనోసార్లే. జక్లపల్లి, నంబాల పేర్లు పెట్టిన 2011 నాటి పరిశోధనా పత్రంలో మొదటి పేరు ఫెర్నాండో నోవాస్‌ది, అర్జెంటీనా శాస్త్రవేత్త. అంటే జక్లపల్లి అన్న మాటను బ్యూనస్ ఐరిస్‌లో నోరారా పలికే మనిషి ఉన్నాడన్నమాట. జక్లపల్లి బడిలో గోడ మీద ఆ జంతువు బొమ్మ ఉందా అంటే మాత్రం నాకు అనుమానమే.

2016లో ఆదిలాబాద్ జిల్లా నాలుగు ముక్కలైంది. రేపు ఇంకోసారి కావచ్చు, పేర్లు మారవచ్చు. జంతువుకు ఒకసారి పద్ధతి ప్రకారం పెట్టిన శాస్త్రీయ నామం ఏ ప్రభుత్వం వచ్చినా మారదు. ఆ లెక్కన ఈ పల్లెలకు దక్కినంత శాశ్వతత్వం మన మహానగరానికి కూడా దక్కలేదు. దక్కనిది ఒక్కటే, ఆ ఎముక.

ఎముకలు ఊరు దాటిపోవడం నిన్నా మొన్నా మొదలైంది కాదు. ప్రాణహిత ఎడమ గట్టున, ఇప్పటి మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో కోట అని ఒక చిన్న ఊరు. ఆ ఊరి సున్నపురాయిలో దొరికిన ఒక చేప 1851కల్లా లండన్ జియలాజికల్ సొసైటీ పత్రికకెక్కింది. లెపిడోటస్ దక్కనెన్సిస్ అని పేరు పెట్టారు. నాగపూర్‌లో ఉండే స్కాట్లండ్ మిషనరీ స్టీఫెన్ హిస్లాప్ మతప్రచారం ఎంత చేశాడో గానీ, రాళ్లు మాత్రం తెగ పోగుచేశాడు. 1863లో వాగు దాటుతూ కొట్టుకుపోయి చనిపోయాడు. మాలేరి ఎర్రమట్టిలోని మొసలిలాంటి జంతువు, పారాసుకస్ హిస్లాపి, ఆయన పేరు మోస్తోంది. 1881లో విలియం కింగ్ ఈ లోయ భూగర్భం మొత్తాన్ని సర్వే చేసి పుస్తకం రాశాడు. అప్పటికి ఎవరికైనా కావలసింది బొగ్గు. సింగరేణి బొగ్గూ, ఈ ఎముకలూ ఒకే లోయ బిడ్డలు. బొగ్గు పొరలు కింద, వాటికన్నా వయసులో చిన్నవైన ఎముకల పొరలు పైన. బొగ్గు కోసం వచ్చినవాడి కాలికి ఎముక తగలడం మామూలే.

స్వాతంత్ర్యం వచ్చాక దారి మారింది. లండన్ బదులు కలకత్తా. ప్రశాంత చంద్ర మహలనోబిస్ తన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు 1957లో పమేలా రాబిన్సన్ అనే బ్రిటిష్ శిలాజ శాస్త్రవేత్తను పిలిపించాడు. లెక్కల సంస్థలో డైనోసార్లేంటి అని ఎవరికైనా అనిపిస్తుంది. మహలనోబిస్‌కు అనిపించలేదు. ఆ మాటకొస్తే మాలేరి పొరల్లో దొరికిన ఒక జంతువుకు ఎక్సెరిటోడాన్ స్టాటిస్టికే అని ఆ సంస్థ పేరే పెట్టారు. స్టాటిస్టిక్స్ పేరున్న జంతువు ప్రపంచంలో ఇంకోటి ఉంటుందనుకోను.

1958 నుంచి 1961 మధ్య ఈ బృందం సిరోంచ దగ్గర పోచంపల్లి అనే ఊరి పొలాల్లో దాదాపు 300 ఎముకలు తవ్వింది. పోచంపల్లి అంటే చీరల పోచంపల్లి కాదు, ఇది మహారాష్ట్రలోది. అయినా ఊరి పేరే చెబుతోంది కదా, ఆ తాలూకా జనం తెలుగు మాట్లాడతారు. కనీసం ఆరు జంతువుల ఎముకలవి. తొడ ఎముక ఒకటి 1.7 మీటర్లు. 1961 రవీంద్రుడి శతజయంతి సంవత్సరం. జంతువుకు బరాపాసారస్ టాగోరై అని పేరు ఖాయమైంది. బెంగాలీలో 'బరా పా' అంటే పెద్ద కాలు. తెలుగు మాట్లాడే ఊళ్లో, తెలుగు కూలీలు పారలతో లోడిన మట్టిలోంచి లేచిన జంతువుకు బెంగాలీ పేరు! ఠాగూర్ మీద నాకేమీ కోపం లేదు. పేరు పెట్టే అధికారం తవ్వించినవాడిదే తప్ప తవ్వినవాడిది కాదని గుర్తు చేసుకోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు, అంతే.

ఆ అస్థిపంజరం ఇప్పుడు కోల్‌కతాలో ఆ సంస్థ భూగర్భ మ్యూజియంలో నిలబడి ఉంది. సంస్థ ఉన్న పేట పేరు బరానగర్. నేనుండేది హైదరాబాద్ బాలానగర్‌లో. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు అచ్చుతప్పేమో అనుకున్నాను.

ప్రాణహితకు ఇవతలి వైపు కథ కొంచెం వేరు. 1970ల చివర్లో యామన్‌పల్లి దగ్గర జియలాజికల్ సర్వే వాళ్లు 2,400 చదరపు మీటర్ల జాగాలో 840 ఎముకల భాగాలు తీశారు. కనీసం పన్నెండు జంతువులవి. పుర్రె ఒక్కటీ దొరకలేదు, రెండు పళ్లు మాత్రం దొరికాయి. 1988లో పి. యాదగిరి దీనికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టాడు. రాతి పొర పేరు, ఊరి పేరు రెండూ కలిశాయి. 2000లో హైదరాబాద్ నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ మ్యూజియంలో దీన్ని నిలబెట్టారు. 44 అడుగుల పొడవు, 16 అడుగుల ఎత్తు. మనలో చాలామంది బడి రోజుల్లో వరసలో నిలబడి చూసినదే. దాని తోక దగ్గర నిలబడి ఫొటో దిగని హైదరాబాదీ పిల్లలు తక్కువ. అది ఏ ఊరిదో గుర్తున్నవాళ్లు ఇంకా తక్కువ. సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనిలో బయటపడ్డ స్టెగోడాన్ అనే పాతకాలపు ఏనుగు జాతి దంతాలు కూడా ఈ మధ్య ఇదే మ్యూజియానికి చేరాయి.

దీన్ని దోపిడీ అనలేను. తవ్వి తీయకపోతే వానలకూ నాగళ్లకూ ఆ ఎముకలు పదేళ్లలో చూర్ణమయ్యేవి. ప్లాస్టర్ కట్టు వేయడం, ప్రయోగశాలలో సూదులతో మట్టి వదిలించడం, ఇదంతా ఊళ్లో జరిగే పని కాదు. ఒక జాతికి ప్రమాణంగా నిలిచే మూల నమూనా భద్రమైన చోట, ఏ పరిశోధకుడైనా వచ్చి కొలుచుకోగలిగే చోట ఉండాలి. ఇవన్నీ ఒప్పుకుంటాను. నా పేచీ తీసుకుపోయిన దానితో కాదు. తీసుకుపోయాక ఊళ్లో మిగిల్చిన శూన్యంతో.

శిలల విషయంలో తెలుగు నేలకు రెండు పాత అనుభవాలున్నాయి. ఒకటి అమరావతి. స్తూపం రాళ్లు కొన్ని సున్నం బట్టీల పాలయ్యాక, 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించినవి మద్రాసు చేరి, 1859లో లండన్‌కు ఓడెక్కాయి. ఇప్పటికీ అమరావతి శిల్పకళను బాగా చూడాలంటే బ్రిటిష్ మ్యూజియానికో చెన్నై ఎగ్మూర్‌కో వెళ్లాలి. రెండోది నాగార్జునకొండ. ఆనకట్ట కింద లోయంతా మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికినవాటిని ఢిల్లీకో హైదరాబాద్‌కో తరలించకుండా, మునగకుండా మిగిలే కొండ మీదికే ఎక్కించారు. 1966లో ద్వీపం మీద మ్యూజియం తెరిచారు. లోయ పోయింది, కానీ లోయ సంగతి లోయలోనే ఉంది. లాంచీలో వెళ్లే ప్రతి మనిషికీ తన కాళ్ల కింద, నీళ్ల అడుగున ఏముండేదో తెలుస్తుంది.

ఆ తర్వాత శిల్పాల విషయంలో మనకు ఈ తెలివి కొంత అలవాటైంది. కొలనుపాకలో, పానగల్లులో చిన్న మ్యూజియాలున్నాయి. శిలాజాల విషయంలో మాత్రం ఇప్పటికీ అమరావతి దారే. కారణం ఊహించడం కష్టం కాదు. శిల్పం అనగానే దేవుడో రాజో గుర్తొస్తాడు, ఊరికి అందులో వాటా ఉంటుంది. 18 కోట్ల ఏళ్ల కిందటి ఎముకకు కులమూ లేదు, గుడీ లేదు, ఓటూ లేదు. పురావస్తు శాఖ పని మనిషి చేసిన వస్తువుతో. భూగర్భ శాఖ పని పొరలతో, ఖనిజాలతో. ఎముక రెండింటి మధ్య జారిపోతుంది. శిలాజాల కోసం ప్రత్యేకించి దేశంలో చట్టం లేదు. 2022 డిసెంబర్‌లో కేంద్ర గనుల శాఖ భూవారసత్వ స్థలాల మీద ఒక ముసాయిదా బిల్లును జనాభిప్రాయానికి పెట్టింది. నేనిది రాసేసరికి అది ముసాయిదాగానే ఉంది.

చట్టం వచ్చినా ఆ పొరను ఎవరు కనిపెట్టుకుని ఉంటారు? ప్రతి గుట్ట పక్కనా కానిస్టేబుల్‌ను నిలబెట్టలేం. మేకలు కాసేవాడికో, బోరు వేయించే రైతుకో, ట్రాక్టర్‌తో మొరం తోలే కుర్రాడికో 'ఇది మామూలు రాయి కాదు' అని తెలియాలి. తెలిసిన తర్వాత ఎవరికి చెప్పాలో కూడా తెలియాలి. మన నేలలో చాలా శిలాజాలను మొదట చూసే అవకాశం వాళ్లదే. వాళ్లు నడిచిపోగలిగిన దూరంలో, వాళ్ల పిల్లలు చదివే భాషలో, చేత్తో పట్టుకుని చూడగలిగే ఒక నమూనా ఉంటే ఈ పని సగం అవుతుంది. స్థానిక మ్యూజియం అని నేనంటున్నది దీన్ని. ఏసీ హాలు, అద్దాల పెట్టెలు, రిబ్బన్ కత్తిరింపు తర్వాతి సంగతి.

ఇది ఎక్కడా జరగలేదని కాదు. కాళేశ్వరం దగ్గర వంతెన దాటి సిరోంచ వైపు వెళ్తే వడదం అనే ఊరి దగ్గర మహారాష్ట్ర అటవీ శాఖ శిలాజాల పార్కు పెట్టింది. రాయిగా మారిన చెట్టు బోదెలు అడవిలో దొరికినచోటే ఉన్నాయి, డైనోసార్ ఎముకలున్నాయి. ఒకే నది, ఒకే రాతి పొరలు, అటూ ఇటూ ఒకే భాష. అటు పార్కు ఉంది. ఇటు యామన్‌పల్లికి అలాంటిదేమీ లేదు. గుజరాత్‌లో బాలాసినోర్ దగ్గర రైయోలీలో 1980ల మొదట్లో డైనోసార్ గుడ్లు, ఎముకలు బయటపడ్డాయి. అక్కడి పాత సంస్థానాధీశుల కుటుంబంలోని ఆలియా సుల్తానా బాబీ ఏళ్ల తరబడి ఆ స్థలాన్ని వెంటబడి కాపాడింది. 2019లో అక్కడ మ్యూజియం తెరిచారు. ఒక మనిషి పట్టుదల కూడా ఒక్కోసారి సంస్థలా పనిచేస్తుందనడానికి ఆమె సాక్ష్యం. మధ్యప్రదేశ్ ధార్ జిల్లాలో కొందరు కులదైవంగా పూజిస్తున్న గుండ్రాళ్లు డైనోసార్ గుడ్లని 2023లో పత్రికలు రాశాయి. జనం నవ్వుకున్నారు. నాకు మాత్రం వాటిని ఇన్నాళ్లు కాపాడింది ఆ బొట్టూ కొబ్బరికాయే కదా అనిపించింది.

ఆదిలాబాద్ దూరం, అక్కడి సంగతి మనకెందుకు అనుకునే కొండాపూర్, గచ్చిబౌలి మిత్రులకు దగ్గర్లోనే ఇంకో ఊరుంది. మన ఐటీ కారిడార్ నిలబడ్డ గులాబీ రంగు గ్రానైటు 250 కోట్ల ఏళ్లనాటిది. అందులో శిలాజాలుండవు, ఉండే వీలూ లేదు. పడమటికి పోయేకొద్దీ నేల రంగు మారి లావా చల్లారి ఏర్పడ్డ రాయి మొదలవుతుంది. శని, ఆదివారాలు అనంతగిరి కొండలకు పోయే కార్లు వికారాబాద్‌లో ఆగిపోతాయి. అక్కణ్నుంచి పరిగి వైపు పోతే నస్కల్. హైదరాబాద్ నుంచి సుమారు 70 కిలోమీటర్లు. రెండు లావా పొరల మధ్య ఇరుక్కుపోయిన ఒకనాటి చెరువు మట్టి అక్కడ దొరుకుతుంది. 1988లో జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని 'నేచర్' పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశారు. డైనోసార్ల ఆఖరి రోజుల్లో, సుమారు 6.6 కోట్ల ఏళ్ల కింద, నస్కల్‌లో బతికిన ఒక చిన్న పాలిచ్చే జంతువు పళ్ల గురించి. క్రెటేషియస్ కాలపు క్షీరదం భారతదేశంలో దొరకడం అదే మొదలు. దాని పేరు దక్కనోలెస్టిస్ హిస్లాపి. లెస్టిస్ అంటే గ్రీకులో దొంగ. దక్కన్ దొంగ! వాగులో కొట్టుకుపోయిన ఆ మిషనరీ పేరు మళ్లీ ఇక్కడ తేలింది.

ఈ దొంగ ఎంతుంటుందంటే, దవడ పన్ను మిల్లీమీటరు, మహా అయితే రెండు. తర్వాత దొరికిన చీలమండ ఎముకలను బట్టి చెట్లెక్కే జంతువని తేల్చారు. అప్పటి ఇండియా ఆసియాకు ఇంకా తగలని ఒంటరి ముక్క, సముద్రం మధ్యలో ఉత్తరానికి జరుగుతోంది. అలాంటి చోటికి దీని పూర్వీకులు ఎలా వచ్చారన్నది ఇప్పటికీ తెగని వాదన. ప్రపంచ భూగోళ చరిత్రలో ఒక పెద్ద ప్రశ్న నస్కల్ మట్టిలో ఒక ఆవగింజంత పన్ను మీద నిలబడి ఉంది.

అంత చిన్నదాన్ని మ్యూజియంలో పెట్టి ఏం చూపిస్తాం? ఈ ప్రశ్న నన్ను చాలాకాలం వేధించింది. డైనోసార్ అయితే పిల్లలు నోరు తెరుస్తారు. పన్నును చూపిస్తే ఏదీ, ఎక్కడా అంటారు. నాకు తోచింది, అక్కడ వస్తువు కన్నా పని చూపించాలి. ఆ మట్టిరాయిని పగలగొట్టి నీళ్లలో నానబెట్టాలి, సన్న జల్లెడల్లో కడగాలి, మిగిలిన ఇసుకను సూక్ష్మదర్శిని కింద గింజ గింజగా ఏరాలి. మన అమ్మలు బియ్యంలో రాళ్లు ఏరినట్టే. తేడా ఒక్కటే, ఇక్కడ బియ్యాన్ని పారేసి రాయిని దాచుకోవాలి. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఒక గది, నాలుగు జల్లెడలు, రెండు సూక్ష్మదర్శినులు, తరగతికొక బస్తా మట్టి. వందలో తొంభై తొమ్మిది సార్లు ఏమీ దొరకదు. చేప పొలుసో, నత్త గుల్లో దొరికిన రోజు ఆ పిల్లవాడు ఇంటికెళ్లి ఊరుకోడు. పనికొచ్చేది ఏది తేలినా విశ్వవిద్యాలయానికి పంపాలి, పంపిన దాని అచ్చు ఊరికి తిరిగి రావాలి.

అచ్చు అంటే మా బాలానగర్ పని. ఇక్కడి పారిశ్రామికవాడలో లేత్ మిషన్ల మీద, మిల్లింగ్ మిషన్ల మీద వెంట్రుకవాసి తేడా లేకుండా డైలు, అచ్చులు చేసే చేతులు వేలల్లో ఉన్నాయి. సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968 నుంచి ఇక్కడే ఉంది. ఉపగ్రహాల నుంచి నేలను చదివే నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ కూడా ఇక్కడే. ఎముకను స్కాన్ చేసిన ఫైలు చేతిలో ఉంటే దాన్ని అదే సైజులోనో, రెండు వేల రెట్లు పెద్దదిగానో తయారుచేయడం ఈ వీధుల్లో వింత పని కాదు. మిల్లీమీటరు పన్నును రెండు మీటర్లు చేసి నస్కల్ బడి ముందు నిలబెడితే దాని మీదెక్కి ఆడుకోవచ్చు. కోటాసారస్ తొడ ఎముక అచ్చు యామన్‌పల్లికి లారీలో పోవచ్చు. అసలు ఎముక నౌబత్ పహాడ్ మీదే ఉండనీ. అయితే 840 భాగాల్లో ఒక అస్థిపంజరం నిలబెట్టడానికి ఎన్ని కావాలి, ప్రమాణంగా దాచవలసినవి పోను మిగిలినవాటిలో ఒక్కటైనా, ఒకే ఒక్క వెన్నుపూస, సొంతూరికి పోకూడదా అని అడగాలనిపిస్తుంది.

అన్నిటికన్నా చిక్కు భూమిది. అటవీ శాఖ తన భూమిలో పార్కు పెట్టుకోవడం వేరు, పట్టా భూమిలో ఎముక దొరకడం వేరు. హైదరాబాద్‌కు పడమట ఎకరం ఇవాళ ఏ ధర పలుకుతోందో చెప్పనక్కర్లేదు. ఫామ్‌హౌసులు, వెంచర్లు పరిగి దాకా వచ్చేశాయి. చెలకలో ఎముక దొరికిందంటే సర్కారు గుంజుకుంటదని రైతు భయపడితే తప్పుపట్టలేం. రాత్రికి రాత్రి దాన్ని పగలగొట్టి గట్టున పోసినా తప్పుపట్టలేం. కాబట్టి ముందు చెప్పవలసిన మాట డైనోసార్ల గురించి కాదు: నీ భూమి నీదే, తవ్వినన్నాళ్లు కౌలు ఇస్తాం, పంట నష్టం కడతాం, దొరికిన దాని కింద నీ పేరూ ఊరి పేరూ రాస్తాం. ఈ మాట స్టాంపు కాగితం మీద, తహసీల్దార్ సంతకంతో, తెలుగులో ఉండాలి. బరాపాసారస్ పోచంపల్లిలో ఎవరి చేలో దొరికిందో, ఆ రైతు పేరేమిటో నేను చదివిన ఏ వ్యాసంలోనూ కనిపించలేదు.